గోలు ముందు నిలిచినవాడు
(స్మారకోపన్యాస పాఠము)



ఏ పుణ్యపురుషుని స్మృత్యర్థము మనము ఏటేటను ఈ పాఠశాలా ప్రాంగణమున సమావేశమగుచున్నామో, ఆయన చిత్రపటము నా వెనుక గోడమీద నున్నది గనుక, ఆయన పేరును నేను వేఱుగా చెప్పనక్కరలేదు. మాకు ఆయన డ్రిల్లు మాష్టరుగారు, అంతే. మెడలో ఈల, కాళ్ళకు సుద్దపూసిన కాన్వాసు బూట్లు, మండుటెండలోనైనను తలకు గుడ్డ చుట్టుకొనని పంతము, ఇవి ఆయన రూపము. నన్ను ఎనిమిదవ తరగతిలో ఫుట్‌బాలు జట్టున చేర్చుకొన్ననాడు, ఎత్తును, మందగమనమును చూచి, మాఱుమాట లేక, బ్యాకుగా గోలు ముందర నిలువబెట్టిరి. గోలు కొట్టినవానినే పిల్లలు భుజములమీద మోయుదురు గదా, నన్ను వెనుక నిలిపితి రేమని నేను కన్నీళ్ళతో అడిగినప్పుడు, ఆయన నా భుజము పట్టుకొని చెప్పిన మాట నేటికిని నా చెవిలో నున్నది: "బంతి అబద్ధమాడుతుందిరా. కాళ్ళు అబద్ధమాడతాయి. నడుము అబద్ధమాడదు. వాడి నడుము మీంచి కన్ను తీయకు. నువ్వు కన్ను తీయలేదని ఎవడికీ తెలియదు. తీస్తే మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది."

ఆ మాట పట్టుకొని నేను మంచి బ్యాకును కాలేదు. వైద్యవిద్య చదివి, శస్త్రచికిత్సాగారములలో మత్తు ఇచ్చు వైద్యుడనై, ముప్పదియేండ్లకు పైగా అదే పని చేసి విశ్రాంతి పొందితిని. అయినను నేను చేసిన వృత్తి యావత్తును మాష్టరుగారి వాక్యమునకు వ్యాఖ్యానమే యని నాకు పలుమాఱు తోచినది. ఆటగాడుగా ఆయన నాకు నేర్పినదియు, వైద్యుడుగా నేను నేర్చుకొన్నదియు, రెండును ఒకే మనుష్యుని జీవితమున విషాదకరముగా కలిసికొన్న ఘట్టము నొకదానిని నేను చిరకాలముగా మనసున మోయుచున్నాను. ఈ సాయంకాలము ఆ మనుష్యునిగూర్చియే చెప్పదలచితిని. ఆతడు ఫ్రాన్సు దేశపు ఫుట్‌బాలు రక్షకుడు, ఝాన్ పియేర్ ఆడమ్స్.

ఆతని పేరు విన్నవారు విన్నది, సాధారణముగా, ముప్పదితొమ్మిదేండ్లు స్మృతిలేక పడియున్న రోగి యని. మా వైద్యులలో ఆతడొక 'కేసు'. నాకు ఇది మిక్కిలి బాధాకరము. ఆ నిద్రకు ముందు ఆతడు ముప్పదినాలుగేండ్లు మెలకువగా నుండెను, ఆ మెలకువలో ఫ్రాన్సు జాతీయజట్టునకు 22 సారులు ఆడెను. ఆ మెలకువనుగూర్చి ముందుగా చెప్పుట న్యాయము.

ఆడమ్స్ 1948 మార్చి 10వ తేదీన సెనెగాల్ దేశమున డకార్ నగరమున జన్మించెను. అప్పటికి ఆ దేశము ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. స్వాతంత్ర్యము 1960లో గాని రాలేదు. కుటుంబము కథోలిక భక్తిగలది. నాయనమ్మలు, అమ్మమ్మలు మనుమల వ్రేలుపట్టుకొని తీర్థయాత్రలకు పోవుట మన దేశమున నెంత సహజమో, ఆ దేశమునను అంత సహజము గాబోలు. ఇంకను పసివాడుగా నున్నప్పుడే ఆతని అవ్వ ఆతని వెంటబెట్టుకొని ఫ్రాన్సులోని మోంతార్జీ యను చిన్న పట్టణమునకు యాత్రార్థమై వచ్చి, అచటి కథోలిక పాఠశాలలో బాలుని చేర్పించి, తాను తిరిగి పోయెను. ఆ పిమ్మట ఒక ఫ్రెంచి దంపతులు ఆతనిని పెంచుకొనిరి. తల్లి యొకచోట, పెంపుడుతల్లి యొకచోట, పుట్టిన భాష యొకటి, బడిభాష యొకటి, బడిలోని బాలురందఱిలో తన మేనిచాయ వేఱు: ఇట్టి స్థితిలో పడిన బిడ్డ మూలకు ఒదిగి కూర్చుండుట సులభము. ఈ బాలుడు మైదానమునకు పరుగెత్తెను. బంతి యుండుచోట భాష అక్కఱలేదను రహస్యము పిల్లలకు తెలిసినట్లు పెద్దలకు తెలియదు.

చదువు ముగిసిన పిదప ఆతడు రబ్బరు కర్మాగారమున కూలిపని చేయుచు, సాయంకాలములయందును ఆదివారములయందును ఊరి జట్లకు ఆడెడివాడు. యౌవనారంభముననే మోకాటికి గట్టిదెబ్బ తగిలినది. ప్రాణమిత్రుడొకడు కారు ప్రమాదమున మరణించెను. ఈ రెండిటిలో ఏ యొక్కటి చాలును, కర్మాగారపు గోడలలోపల జీవితమును ముగించుకొనుటకు. ఆతడు అట్లు ముగించుకొనలేదు. 1967లో ఫాంటెన్‌బ్లో అను ఔత్సాహిక జట్టున చేరి, అచట ముందువరుసలో, గోలు కొట్టువాడుగా ఆడెను. రక్షకుడగుట ఆ తరువాతి మాట. ముందువరుసలో ఆడి వెనుకకు వచ్చినవానికి, ఎదిరిపక్షమువాడు ఏ క్షణమున ఏమి చేయదలచునో తన శరీరమే చెప్పును. నాకు లేని విద్య అది!

ఆ రోజులలోనే ఒక నృత్యసభలో బెర్నడెట్ అను యువతిని చూచెను. ఆమె శ్వేతజాతి స్త్రీ. ఈ వరుని గూర్చి ఆమె తల్లిదండ్రులు మొదట సమ్మతింపలేదు. మనకీ కథ క్రొత్తది కాదు. మేనిచాయకు బదులు కులమను మాట వేసికొన్నచో మన వీధిలోని కథయే యగును. ఆమె తన మాటపై నిలిచినది. 1969లో వారి వివాహమైనది. కాలక్రమమున పెద్దల మనసును కరగినది. ఆ వధువు పేరును మీరు గుర్తుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను.

1970లో ఆతనికి వృత్తిక్రీడాకారుడుగా నీమ్ ఒలింపిక్ జట్టున స్థానము లభించినది. నీమ్ ఫ్రాన్సు దక్షిణభాగమున నున్న పురాతన నగరము. రోమనులు కట్టిన మహారంగస్థలము నేటికిని అచట చెక్కుచెదరక యున్నది. ఆ జట్టునకు శిక్షకుడు కాదర్ ఫిరూద్, అల్జీరియాలో పుట్టి, ఫ్రాన్సు జట్టునకు ఆడి, నీమ్‌లో స్థిరపడినవాడు. తాను సముద్రము దాటి వచ్చినవాడు గనుక, సముద్రము దాటి వచ్చిన మఱియొకనిలోని ఆకలి ఏపాటిదో ఆయనకు తెలిసియుండును. ఆ శిక్షకుని కఠినశాసనములో 1971-72 సంవత్సరమున నీమ్ జట్టు ఫ్రాన్సు ప్రథమశ్రేణిలో మార్సేయి తరువాత ద్వితీయస్థానము నందెను. చిన్న పట్టణపు జట్టునకు అది సామాన్యమైన గౌరవము కాదు. ఆ యేడే, 1972లో, ఆడమ్స్‌నకు జాతీయజట్టునుండి పిలుపు వచ్చినది.

ఇచట ఒకింత నిలిచి, ఆటనుగూర్చి చెప్పవలెను. మా బాల్యమున గోలు ముందర ఇద్దఱే బ్యాకులుండెడివారు. యూరపులో నప్పటికి రక్షణవ్యూహము సూక్ష్మమైనది. మధ్యభాగమున నిలుచు ఇరువురిలో నొకనికి 'లిబెరో' యని పేరు. వానికి ప్రత్యేకముగా ఒక ప్రత్యర్థి యుండడు. వెనుక నుండి యావత్తును చూచి, ఎచట గండిపడునో అచటికి జాఱి పూడ్చును, సమయము చిక్కిన బంతితో ముందుకు నడచును. రెండవవాడు 'స్టాపరు'. ఎదిరిపక్షపు ముఖ్యవీరుని నీడవలె అంటిపెట్టుకొని, గాలిలో తలతోను, నేలపై పాదముతోను, అవసరమైనచో మేనంతటితోను అడ్డుపడుట వాని ధర్మము. దెబ్బలన్నియు వానివి. ఫ్రాన్సు జట్టున లిబెరోగా మారియుస్ ట్రెజోర్ నిలిచెను, స్టాపరుగా ఆడమ్స్. ట్రెజోర్ కరీబియను సముద్రములోని గ్వాడెలూప్ ద్వీపమున పుట్టినవాడు. అట్లాంటికు మహాసముద్రమునకు ఒక గట్టున పుట్టినవాడొకడు, ఆవలి గట్టున పుట్టినవాడొకడు, పారిస్ నగరమున ఒక గోలు ముందర భుజము భుజము కలిపి నిలువబడిరి. నాటి జాతీయజట్టు శిక్షకుడు, రుమేనియా దేశీయుడగు స్టెఫాన్ కొవాచ్, ఈ జంటకు 'నల్లని కాపలా' యని పేరుపెట్టెను. ఆ పేరు ప్రేమతో పెట్టినదే. ఆ యిరువురును దానిని గర్వముతోనే ధరించిరని నా నమ్మకము. వారికి ముందు నల్లవారు ఫ్రాన్సునకు ఆడకపోలేదు. సెనెగాల్ నాయకుడగు బ్లెయిజ్ ద్యాఞ్ కుమారుడు రౌల్ ద్యాఞ్ 1931లోనే ఆడియుండెను. కాని రక్షణదుర్గమునకు ఇరుస్తంభములును నల్లనివే యగుట అపూర్వము.

ఆ కాలపు ఫ్రాన్సు జట్టు బలహీనమైనది. 1974 ప్రపంచకప్పునకు గాని, 1976 యూరపు పోటీల తుదిఘట్టమునకు గాని అర్హత పొందలేదు. కాబట్టి ఆడమ్స్ ఛాతిపై పతకములు లేవు. పతకము లేనివానిని చరిత్ర త్వరగా మఱచును. అయితే ఓడెడి జట్టున గోలు ముందు నిలుచుట గెలిచెడి జట్టున నిలుచుటకంటె పదిరెట్లు కష్టమని బ్యాకుగా నిలిచినవా రందఱకును తెలియును; బంతి పదే పదే అచటికే వచ్చును.

మన మాష్టరుగారు ఈ రక్షకుల కథలు చెప్పునప్పుడు కంఠము మాఱెడిది. 1962 జకార్తా ఆసియాక్రీడలలో, క్యాన్సరు వ్యాధితో కృశించుచునే మన హైదరాబాదు రహీమ్ సాహెబుగారు శిక్షణమిచ్చిన భారతజట్టు, దక్షిణ కొరియాను 2-1 తో గెలిచి స్వర్ణపతకము నందిన తుదిపందెమున, దేశవిభజనకు ముందు లాయల్‌పూరున పుట్టిన రక్షకుడు జర్నైల్ సింగ్, తలకు కుట్లు పడిన గాయముతో ముందువరుసకు పోయి గోలు కొట్టిన వృత్తాంతమును ఆయన మాకు నూఱుసారులు చెప్పియుందురు. పుట్టినచోటు విడిచి వచ్చినవాడు నిలిచినచోటును సులభముగా విడువడని ఆయన యభిప్రాయము. ఇది సార్వత్రికసత్యమని నేననను. ఆడమ్స్ విషయమున నిజము.

1973లో ఆతడు నీస్ జట్టునకు మాఱెను. ఆ సంవత్సరమే యూరపు పోటీలో నీస్ జట్టు తన మైదానమున బార్సిలోనాను 3-0 తో ఓడించెను. ఎదిరిపక్షము మహాజట్టు, గోలు ముందర ఆడమ్స్, అంకెలో సున్న. 1975-76లో నీస్ ద్వితీయస్థానము నందినది. ఆతనికి అది రెండవమాఱు. 1977 నుండి రెండేండ్లు పారిస్ సాన్ జెర్మేన్‌లోను, ఆ పిమ్మట మ్యులూజ్‌లోను ఆడి, తుదకు షాలోన్ అను చిన్న జట్టున ఆటయు శిక్షణమును కలిపి నిర్వహింపసాగెను. ఇద్దఱు కుమారులు. ఇక శిక్షకుడై మిగిలిన జీవితము గడపవలెనని కోరిక. ఆ యోగ్యతకొఱకై 1982లో డిజాన్ నగరమున శిక్షణాతరగతులకు పోయి, అచట మోకాటి కండర దెబ్బతినగా, లియోన్ నగరపు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకొన నిశ్చయించెను. ప్రాణాపాయమైనది కాదు, తొందరపడవలసినదియు కాదు. ఒక నెల యాగినను నష్టము లేదు.

మార్చి 17. ముప్పదినాలుగవ జన్మదినము గడచి సరిగా వారము.

మత్తు ఇచ్చుట యనగా నిద్రపుచ్చుట యని లోకులనుకొందురు. నిద్రించువాడు తనంతట తాను ఊపిరి పీల్చుకొనును. మా చేతిలోని మనుష్యుడు పీల్చుకొనలేడు. కండరములు సడలు మందు సిరలోనికి పోయిన నిమిషములోపల ఛాతి కదలదు. మేమే ఆపితిమి, మేమే నడిపింపవలెను. నాలుకను ప్రక్కకు త్రోసి, చిన్నదీపపు వెలుతురులో తెల్లని స్వరతంత్రుల నడుమ సందు కనుగొని, అందులోనికి గొట్టము జొనుపవలెను. ఆ సందు వెనుకనే, దానిని ఆనుకొని, అన్నవాహిక ద్వారము. ఊపిరితిత్తులకు వాయువు సరిగా చేరనిచో నాలుగైదు నిమిషములలో మెదడు చెడుట ఆరంభించును. రక్తములోని ప్రాణవాయువును లెక్కించి చూపు యంత్రపు సూత్రమును జపానువాడగు టకువో అయొయాగి 1974లోనే కనుగొనెను గాని, 1982 నాటికి అది ఆసుపత్రులలో వ్యాపింపలేదు. అప్పుడు మాకున్న యంత్రము మా కండ్లు. పెదవుల రంగు, గోళ్ళ రంగు, ఛాతి లేచుట, మణికట్టున నాడి. ఒక రోగికి ఒక జత కండ్లు; అవి మఱలరాదు.

ఆనాడు ఆ ఆసుపత్రిలో సమ్మె జరుగుచుండెను. మత్తువైద్యురాలు ఒక్కర్తె ఎనిమిదిమంది రోగులను ఒకేసారి చూడవలసివచ్చెను. ఆడమ్స్ కడ నున్నది శిక్షణములో నున్న యొక యువకుడు. గొట్టము సరిగా అమరలేదు. గుండె ఆగినది. మరల కొట్టుకొనునప్పటికి మెదడు నష్టపోయెను.

వాయిదా వేయవచ్చునే! ఈ రెండు మాటలు నేను ఎన్నిమార్లు అనుకొంటినో లెక్కలేదు. నాకు కోపమును వచ్చును, భయమును వచ్చును. భయమెందుకనగా, నా ఉద్యోగపు తొలియేండ్లలో ఒక తాలూకా ఆసుపత్రిలో, దీపములు ఆరి, నేను టార్చిలైటుకొఱకు వెనుకకు తిరిగిన తఱిని, నా ప్రక్కనున్న నర్సమ్మ, "డాక్టరుగారూ, పెదవులు చూడండి" అని మెల్లగా ననెను. టార్చి వెలుగున చూచితిని. నేరేడుపండు రంగు. గొట్టము జాఱియుండెను. ఆ తల్లి కన్ను మఱల్చకపోవుటచేత ఒక పదునెనిమిదేండ్ల పిల్లవాడు మఱునాడు ఇడ్లీ తినుచు నాతో మాటలాడెను. ఆడమ్స్ ప్రక్కన ఆ నిమిషమున అట్టి కన్ను ఒకటి లేకపోయినది. పదేండ్లు ఇతరుల నడుములమీద నుండి చూపు మఱల్చక నిలిచిన రక్షకునిమీద నుండి చూపు మఱలినది.

వ్యాజ్యము ఏండ్లతరబడి సాగి, ఆ వైద్యురాలికిని, ఆ శిష్యునికిని ఒక నెల శిక్ష, అదియు అమలుకానిది, స్వల్పమైన జరిమానాయు పడెను.

ఆ ప్రమాదము జరిగిన యేటనే జూలై 8వ తేదీన, స్పెయిను దేశమున సెవిల్ నగరమున, ప్రపంచకప్పు ఉపాంత్యపందెమున ఫ్రాన్సు పశ్చిమజర్మనీతో తలపడెను. సమయము ముగిసి అదనపుసమయము ఆరంభమైనంతనే, ట్రెజోర్, ఆ రక్షకుడు, ముందునకు వచ్చి, గాలిలో దిగుచున్న బంతిని నిలువునా తన్ని గోలు కొట్టెను. తుదకు 3-3 తో సమమై పెనాల్టీలతో ఫ్రాన్సు ఓడినది గాని, ఆ గోలును చూచినవారు మఱవరు. 'నల్లని కాపలా'లోని రెండవవాడు ఆ సమయమున కండ్లు తెఱచియే యుండెనో, మూసియే యుండెనో. తెఱచుటకును మూయుటకును ఆతనికి శక్తి యుండెను. చూచుటకు లేకుండెను.

ఆసుపత్రులలో ఆతని మేన పుండ్లు పడెను. పదునైదు నెలల పిమ్మట ఆతనిని ఏదేని శుశ్రూషాలయమున నుంచవలసినదని పెద్దలు సూచింపగా, బెర్నడెట్ ఇంటికి తెచ్చుకొనెను. క్రీడాసంఘములు, పూర్వపు జట్లు కొంత ధనసహాయము చేసినవి. దానితోను, తన రెక్కలకష్టముతోను, నీమ్ సమీపమున నొక యిల్లు కట్టించి, దానికి 'నిద్రించు అందగాడైన క్రీడాకారుని యిల్లు' అను అర్థము వచ్చు పేరు పెట్టెను. రోగి యని వ్రాయలేదు ఆమె. క్రీడాకారుడని వ్రాసెను.

కదలలేని మనుష్యుని రెండు గంటలకొకమాఱు ప్రక్కకు త్రిప్పవలెననునది మా వృత్తిలో నియమము. త్రిప్పనిచో ఎముకలు ఒరసిన చోట చర్మము చిట్లును. మూడు పాళీలలో మనుష్యులు మాఱుచుండు ఆసుపత్రులలోనే ఈ నియమము తప్పుచుండును. ఆమె ఉదయమున లేచి ఆతనికి గడ్డము గీచి, స్నానము చేయించి, బట్టలు తొడిగి, మెత్తగా చేసిన ఆహారమును ఓపికగా తినిపించి, ఊరి మాటలు చెప్పెడిది. జన్మదినమునకు కానుకలు కొనెడిది; బహుమానముగా వచ్చిన చొక్కా మఱునాడు ఆతని ఒంటిమీద నుండెడిది. యంత్రసహాయము లేకయే ఆతడు ఊపిరి పీల్చెడివాడు. ఆమె గొంతు ఎఱుగుననియే ఆమె విశ్వాసము. ఎఱుగునో లేదో చెప్పుటకు నా విద్య చాలదు. ఒక్కటి మాత్రము నా విద్య చెప్పగలదు. అట్టి స్థితిలో నున్న దేహము పుండుపడక, ఊపిరితిత్తులు చెడక, ఎన్నో యేండ్లు నిలుచుట ఔషధముచేత జరుగదు. ఒక మనుష్యుడు ఇంకొక మనుష్యుని రేయింబవళ్ళు చూచుచుండుటచేతనే జరుగును.

ఆ నడుమ లోకము మాఱెను. అయొయాగి యంత్రము వ్రేలికి తొడుగు చిన్న పట్టుకారు రూపమున మా తాలూకా ఆసుపత్రులకును వచ్చినది. ఫ్రాన్సు ప్రభుత్వము 1994 డిసెంబరు 5వ తేదీన, మత్తుకు ముందు వైద్యపరీక్ష, మత్తులో నిరంతరపరిశీలనము, మత్తు దిగునప్పుడు ప్రత్యేకపు గదిలో కాపలా, వీనిని తప్పనిసరి చేయుచు శాసనము గావించెను. 1998లో ఫ్రాన్సు ప్రపంచకప్పును గెలిచినప్పుడు రక్షణవరుసలో ఘానాదేశపు అక్రాలో పుట్టిన దెసాయీ, గ్వాడెలూప్‌లో పుట్టిన తురామ్ నిలిచిరి: మరల ఒకడు ఆఫ్రికా గట్టువాడు, ఒకడు ద్వీపపువాడు. పారిస్ వీథులలో పది లక్షలకు మించిన జనము కేకలువేసిన ఆ రాత్రి, నీమ్ సమీపమున ఆ యింటిలో, బెర్నడెట్ ఎప్పటివలెనే ఆతని ప్రక్కనే యుండియుండును.

2021 సెప్టెంబరు 6వ తేదీన ఆడమ్స్ నీమ్‌లో కన్నుమూసెను. వయస్సు 73. అందులో ముప్పదితొమ్మిదేండ్ల అయిదు నెలలకు పైగా ఆమె కాపలాలో గడచెను.

నేను విశ్రాంతి పొందినను, క్రొత్తగా మత్తువిద్య నభ్యసించు పిల్లలు నన్ను అప్పుడప్పుడు పిలిచికొందురు. ఆ మరణవార్త వచ్చిన వారముననే ఒక విద్యార్థిని యంత్రపు తెరమీది అంకెలు చూచుచు రోగిమీద చేయి వేయక నిలిచియుండగా, ఆమె చేతిని పట్టుకొని రోగి మణికట్టున నుంచి, ఆడమ్స్ కథ చెప్పితిని. అంతయు విని ఆ పిల్ల చాలసేపు మాటలాడలేదు. పిమ్మట మెల్లగా, "ఆయన ఏ స్థానంలో ఆడేవారు సార్?" అని యడిగెను. అంతవఱకు నాకు ఆ ప్రశ్న వేసిన వైద్యుడు ఒక్కడును లేడు.

"బ్యాకమ్మా," అంటిని. "స్టాపరు. నీమ్‌కు, నీస్‌కు, పారిస్‌కు ఆడినాడు. ఫ్రాన్సుకు ఇరవై రెండు సారులు."

ఆమె తల యూచి, వ్రేళ్ళు ఆ మణికట్టుమీదనే యుంచి, రోగి పెదవులవైపు చూచుచు నిలిచెను.